కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ల నుంచి రక్తం: మొదటి మూడు నెలల్లో ఏం చేయాలి, ఎలా చేయాలి

"ఉమ్మితే ఎర్రగ వస్తున్నది డాక్టరమ్మా, బ్రష్ ఆనితే చాలు రక్తం, అందుకే పది రోజుల నుంచి ఏలుతోనే తోముకుంటున్న." హన్మకొండలో నా క్లినిక్‌కి రెండో నెలలోనో మూడో నెలలోనో వచ్చే అమ్మాయిల్లో చాలామంది మొదట చెప్పేది ఇదే. పక్కన అత్తమ్మో అమ్మో కూర్చుని "కడుపుతో ఉన్నప్పుడు పండ్ల జోలికి పోవద్దంటరు గదా మేడం" అని ఒక మాట కలుపుతారు. వాళ్ల మీద నాకు కోపం రాదు, ఎందుకంటే పళ్ల డాక్టరునై ఉండి కూడా నా మొదటి కాన్పప్పుడు నేను చేసిన పని అదే. వేవిళ్లకు పేస్టు వాసన పడక రాత్రిపూట బ్రష్ చేయడం పూర్తిగా మానేసి, మూడు వారాలు నీళ్లు పుక్కిలించి పడుకున్నాను. నాలుగో వారం జామకాయ కొరికితే కాయ మీద రక్తం మరక.

రక్తం వస్తోందని బ్రష్ ఆపితే రక్తం ఇంకా పెరుగుతుంది. కింద రాసినదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేదే.

ముందు నోట్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి

పళ్ల మీద రోజూ పేరుకునే మెత్తటి పొరే పాచి. అది మిగిలిపోయిన మెతుకుల ముద్ద అనుకుంటాం గానీ, నిజానికి అది బాక్టీరియా కట్టుకున్న గూడు. మనుషుల నోళ్లలో ఇప్పటిదాకా 700కు పైగా రకాల బాక్టీరియాను గుర్తించారు. అన్నీ ఒకరి నోట్లోనే ఉండవు, ఉన్నవాటిలో ఎక్కువ భాగం మన జోలికి రావు. బ్రష్ చేసిన కొన్ని గంటలకే కొత్త పొర మొదలవుతుంది. దాన్ని రోజుల తరబడి వదిలేస్తే ఉమ్మిలో ఉండే కాల్షియం చేరి గట్టిపడి గార అవుతుంది. పాచిని మీ బ్రష్ తీయగలదు, గారను తీయలేదు, దానికి మా దగ్గరికి రావాల్సిందే.

మామూలు రోజుల్లో ఈ పాచికి చిగురు అంచు కాస్త ఎర్రబడి ఊరుకుంటుంది. నెల తప్పాక ఒంట్లో ప్రొజెస్టెరాన్, ఈస్ట్రోజన్ బాగా పెరుగుతాయి. వాటి ప్రభావం గర్భసంచి దగ్గరే ఆగిపోదు, చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలూ ఉబ్బి, వాటి గోడలు వదులై, కొంచెం తగిలితే చాలు రక్తం చిమ్ముతుంది. పాచి అంతే ఉన్నా వాపు మాత్రం ఎక్కువగా కనిపిస్తుంది. గర్భిణుల్లో 60 నుంచి 75 శాతం మందికి ఇలా చిగుళ్ల వాపు వస్తుందని లెక్క. సాధారణంగా రెండో నెలలో మొదలై, ఎనిమిదో నెలకు బాగా ముదిరి, కాన్పు తర్వాత తగ్గుముఖం పడుతుంది. అంటే మీరు ఒంటరి వారు కాదు, మీ పళ్లు పాడైపోయాయనీ కాదు.

బాక్టీరియాకు కూడా ఈ హార్మోన్లు పనికొస్తాయి, ఇది నాకు చదువుకునే రోజుల నుంచీ వింతగానే ఉంది. ప్రివొటెల్లా ఇంటర్మీడియా అనే బాక్టీరియా పెరగడానికి విటమిన్ కె లాంటి పదార్థం కావాలి. దాని బదులు అది మన ఆడ హార్మోన్లనే వాడుకోగలదని 1980ల మొదట్లో కార్న్‌మన్, లోష్ అనే పరిశోధకులు చూపించారు. గర్భం ముందుకు సాగేకొద్దీ చిగురు కింద దాని వాటా పెరగడం కూడా వాళ్లు గమనించారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ దీన్ని ఒకేలా ఒప్పుకోలేదు గానీ, చిగురు సందుల్లో గాలి ఆడని చోట బతికే రకాలకు ఈ తొమ్మిది నెలలు కలిసొచ్చే కాలమే అని మాత్రం చెప్పొచ్చు.

ఇక అందరికీ టెన్షన్ పెట్టే ప్రశ్న: "దీనివల్ల బిడ్డకేమైనా అవుతుందా?" ఫోన్లో వీడియోలు చూసి ఏడుస్తూ వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. చిగుళ్ల వ్యాధి బాగా ముదిరిన వాళ్లలో నెలలు నిండకుండా కాన్పు కావడం ఎక్కువగా కనిపిస్తోందని 1996 నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. నోట్లో ఉండే ఫ్యూజోబాక్టీరియం న్యూక్లియేటం అనే రకం కొన్ని కేసుల్లో మాయలోనూ ఉమ్మనీరులోనూ దొరికింది. అయితే రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకదాని వల్లే రెండోది అయిందని చెప్పలేం. అమెరికాలో 823 మంది గర్భిణులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు గర్భంలో ఉండగానే చిగుళ్ల వైద్యం చేసి, రెండో గుంపుకు కాన్పయ్యాక చేశారు, ఫలితాలు 2006లో వచ్చాయి. ముందు చేయించుకున్నవాళ్ల చిగుళ్లు బాగుపడ్డాయి, వైద్యం వల్ల తల్లికీ బిడ్డకీ చెడు జరగలేదు, కానీ ముందస్తు కాన్పులు మాత్రం తగ్గలేదు. కాబట్టి "క్లీనింగ్ చేయించుకుంటే బిడ్డ నెలలు నిండి పుడుతుంది" అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే నమ్మకండి, "క్లీనింగ్ చేయించుకుంటే గర్భం పోతుంది" అని ఎవరైనా భయపెడితే అదీ నమ్మకండి. మీ నోరు బాగుండటానికి, మీరు నొప్పి లేకుండా నాలుగు ముద్దలు తినడానికి ఇది చేయించుకోవాలి, ఆ కారణం చాలు.

మొదటి పని: అద్దం ముందు ఐదు నిమిషాలు

పగటి వెలుతురులో, ఫోన్ టార్చ్ పట్టుకుని, పెదవి పైకెత్తి చూసుకోండి. ఆరోగ్యంగా ఉన్న చిగురు పన్నుకు అతుక్కుని, అంచు పదునుగా, గట్టిగా ఉంటుంది. రంగు మాత్రం మనిషిని బట్టి మారుతుంది. మనలో చాలామందికి చిగుళ్ల మీద నల్లటి గోధుమ మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి, అవి జబ్బు కాదు. చూడాల్సింది రెండు పళ్ల మధ్య ఉండే ముక్కోణం ముక్క: అది ఉబ్బి, మెరుస్తూ, ముట్టుకుంటే రక్తం వస్తుంటే వాపు ఉన్నట్టే. కింది ముందు పళ్ల వెనక నాలుకతో తడిమితే గరుకుగా గోడలా తగులుతుంటే అది గార.

ఇంతవరకే ఉంటే అది జింజివైటిస్, పూర్తిగా తగ్గిపోయేదే. చిగురు కిందికి జారి పన్ను పొడుగ్గా కనిపించడం, చిగురు నొక్కితే చీము రావడం, పన్ను కదలడం, పళ్ల మధ్య కొత్తగా సందులు రావడం ఉంటే అది లోపలి ఎముకదాకా పోయిన పెరియోడాంటైటిస్. కరిగిపోయిన ఎముక మళ్లీ మామూలుగా రాదు, ఉన్నది పోకుండా ఆపడమే చేయగలం. వీళ్లు ఇంట్లో ప్రయత్నాలు చేస్తూ కూర్చోకుండా ఈ వారంలోనే డెంటిస్టుకు చూపించుకోవాలి.

ఇంకొకటి, దీన్ని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. వానాకాలంలో మన దగ్గర డెంగీ మామూలైపోయింది. జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే, ఒంటి మీద ఎర్రటి చుక్కలు గానీ ముక్కు నుంచి రక్తం గానీ ఉంటే, అది పళ్ల సమస్య అనుకోవద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి ప్లేట్‌లెట్లు చూపించుకోండి.

రెండో పని: బ్రష్ పట్టడం మళ్లీ నేర్చుకోవడం

మెడికల్ షాపులో 'సాఫ్ట్' లేదా 'అల్ట్రా సాఫ్ట్' అని రాసి ఉన్న బ్రష్ కొనండి. తల చిన్నగా ఉండాలి. కక్కు వచ్చేవాళ్లు మొహమాటం లేకుండా చిన్నపిల్లల బ్రష్ కొనుక్కోండి, నేను రెండు కాన్పులూ దాంతోనే గడిపాను. పేస్టు ఫ్లోరైడ్ ఉన్నదై ఉండాలి. "ఫ్లోరైడ్ అంటే నల్లగొండ నీళ్ల జబ్బు కదా" అని అడిగేవాళ్లుంటారు. ఆ జబ్బు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగడం వల్ల వచ్చింది. బఠాణీ గింజంత పేస్టు రాసి ఉమ్మేయడానికీ దానికీ పోలిక లేదు.

బ్రష్ వెంట్రుకలు సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఉండేలా, 45 డిగ్రీలు వంచి పెట్టండి. గోడకు చీపురు వేసినట్టు అడ్డంగా రుద్దొద్దు. అక్కడే ఉంచి చిన్నగా వణికించినట్టు కదిలించి, తర్వాత చిగురు వైపు నుంచి పన్ను కొన వైపు తుడిచేయండి. రెండు మూడు పళ్లు కాగానే పక్కకు జరపండి. అందరూ వదిలేసే చోట్లు రెండే: కింది ముందు పళ్ల వెనక, పై దవడ పళ్ల బయట చివరన. రెండో చోటికి నోరు పెద్దగా తెరిస్తే బ్రష్ పోదు, చెంప బిగుసుకుంటుంది, నోరు సగం మూస్తే చెంప వదులై బ్రష్ దూరుతుంది. ఈ చిన్న కిటుకు చెప్తే క్లినిక్‌లో అందరూ నవ్వుతారు, ఇంటికెళ్లి చేసి చూశాక ఫోన్ చేసి "నిజమే మేడం" అంటారు.

మొత్తం రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. రాత్రిదే ముఖ్యం, ఎందుకంటే నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది, బాక్టీరియాకు అడ్డు ఉండదు. మన ఇళ్లలో పొద్దున్న తోమడం ఆచారం, రాత్రి తోమడం మాత్రం ఇంకా పట్నపోళ్ల అలవాటుగానే ఉండిపోయింది.

మొదటి నాలుగైదు రోజులు రక్తం వస్తుంది, రానివ్వండి. ఉమ్మిలో కలిసి ఎక్కువగా కనిపిస్తుంది గానీ అది చుక్కల లెక్కే, దాంతో హిమోగ్లోబిన్ పడిపోదు. పాచి సరిగా పోతుంటే వారం పది రోజుల్లో రక్తం తగ్గడం మీకే తెలుస్తుంది. రెండు వారాలు నిజాయితీగా చేసినా ఏమాత్రం తగ్గకపోతే లోపల గార ఉన్నట్టు, అప్పుడు లోపం మీ బ్రష్‌ది కాదు.

పళ్ల మధ్య సందుల్లోకి బ్రష్ పోదు. ఫ్లాస్ దారం వాడగలిగితే రోజుకొకసారి, రాత్రి. పన్నును 'సి' ఆకారంలో చుట్టి చిగురు కిందికి మెల్లగా దించి పైకి లాగాలి, చటుక్కున నొక్కితే కోసుకుంటుంది. దారం తిప్పడం రాకపోతే పుల్లకు బిగించి ఉండే ఫ్లాస్ పిక్స్ దొరుకుతాయి. సందులు పెద్దగా ఉన్నవాళ్లకు బుడ్డి బ్రష్షుల్లా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్షులు ఇంకా మేలు. గుండుసూది, చీపురు పుల్ల, కమ్మ కొక్కెం మాత్రం వద్దు, కమ్మ కొక్కెంతో చిగురు చీల్చుకుని వచ్చినవాళ్లను చూశాను.

వేప పుల్ల సంగతేంటి అంటారా? మా నాన్న ఇప్పటికీ వేప పుల్లే వాడతాడు, పళ్లు గట్టిగానే ఉన్నాయి. బాగా నమిలి మెత్తటి కుంచెలా చేసుకుని వాడితే పాచి కొంతవరకు పోతుంది. కానీ ఉబ్బిన చిగుళ్ల మీద పుల్ల గట్టిగా గీసుకుంటుంది, వెనక పళ్ల లోపలి వైపు చేరదు, పైగా వేవిళ్ల రోజుల్లో ఆ చేదు ఎంతమంది ఓర్చుకుంటారు? ఈ తొమ్మిది నెలలకు బ్రష్ వాడండి. బొగ్గుపొడి, ఇటుక పొడి, బూడిద, ఉప్పు గల్లలతో రుద్దడం ఎప్పుడూ వద్దు. పటిక రాస్తే చిగురు బిగుసుకుని రక్తం ఆగినట్టు ఉంటుంది, కింద పాచి ఎక్కడిదక్కడే ఉంటుంది.

వేవిళ్లలో బ్రష్ ఎలా

పొద్దున లేవగానే కడుపులో తిప్పుతుంటే ఆ పూటే తోమాలన్న రూలు లేదు. నీళ్లతో పుక్కిలించి, కాస్త ఏదైనా తిని, పది పదకొండు గంటలకు ఒళ్లు కుదుటపడ్డాక తోమండి. తల వెనక్కి వాల్చకుండా ముందుకు వంచి, గొంతు వైపు నురగ పోకుండా చూసుకోండి. ముందు పళ్లతో కాకుండా వెనక పళ్లతో మొదలుపెట్టండి, ఓపిక ఉండగానే కష్టమైన చోటు అయిపోతుంది. పుదీనా ఘాటు పడకపోతే వేరే రుచి పేస్టు, అదీ పడకపోతే రెండు రోజులు వట్టి నీళ్ల బ్రష్ అయినా సరే, పాచిని తీసేది ప్రధానంగా వెంట్రుకలే. తర్వాత మళ్లీ ఫ్లోరైడ్ పేస్టుకు వచ్చేయండి. నాలుక గీకుడు బద్ద గొంతుదాకా పెట్టొద్దు, వాంతి పిలిచి మరీ తెచ్చుకోవడమే.

వాంతి అయ్యాక చాలామంది చేసే పని వెంటనే బ్రష్ పట్టడం, నోరు చేదుగా ఉంటుంది కాబట్టి. కానీ కడుపులోంచి వచ్చిన ఆమ్లం పన్ను పైపొరను కాసేపు మెత్తబరుస్తుంది, ఆ మెత్తదనం మీద రుద్దితే పైపొర అరిగిపోతుంది. ఒక గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయండి, మింగొద్దు. బజ్జీల పిండిలో వేసే సోడానే, కేకులకు వేసే బేకింగ్ పౌడర్ వేరు, అది కాదు. సోడా లేకపోతే మామూలు నీళ్లైనా చాలు. ఒక గంట ఆగి బ్రష్ చేయండి. రోజుకు ఐదారుసార్లు వాంతులయ్యేవాళ్లు మంచం పక్కనే సోడా నీళ్ల సీసా పెట్టుకోండి. ఏదీ నిలవక, మూత్రం తగ్గి, కళ్లు తిరుగుతుంటే అది పళ్ల విషయం కాదు, గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.

తిండి: ఏం తింటున్నాం కన్నా ఎన్నిసార్లు తింటున్నాం

వికారానికి "కొంచెం కొంచెం, మాటిమాటికీ తిను" అని అందరం చెబుతాం, సరైన సలహానే. కానీ ఆ కొంచెం కొంచెం అంటే గంటకో బిస్కెట్టు, మధ్యలో చక్కెర చాయ్ అయితే నోట్లో బాక్టీరియాకు రోజంతా భోజనం దొరికినట్టే. తీపి, పిండి పదార్థం తిన్న ప్రతిసారీ అవి ఆమ్లం వదులుతాయి, ఉమ్మి దాన్ని సరిచేసేలోపు ఇంకో బిస్కెట్టు. దాని బదులు పుట్నాలు, పల్లీలు, ఉడకబెట్టిన గుడ్డు, పెరుగు, జామకాయ ముక్కలు పక్కన పెట్టుకోండి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద ఇచ్చే భోజనం, పాలు, గుడ్డు వదులుకోవద్దు, కొందరు నామోషీగా అనుకుని వెళ్లరు, చిగురు గాయం మానడానికి కావాల్సిన మాంసకృత్తులు అందులో ఉన్నాయి.

సర్వపిండి, సకినాలు తినండి, ఎవరు వద్దన్నారు, తిన్నాక నీళ్లు పుక్కిలించండి. బతుకమ్మ సత్తుపిండి, మేడారం నుంచి తెచ్చిన బంగారం (మన బెల్లమే), మలీద ముద్దలు మాత్రం పళ్ల సందుల్లో ఇరుక్కుని గంటల తరబడి కరుగుతూ ఉంటాయి. అవి భోజనంతో పాటు ఒకేసారి తినేయండి, కొంగున కట్టుకుని పూటంతా చప్పరించొద్దు. పులుపు మీద మనసు పోవడం మామూలే. చింతకాయ, పచ్చి మామిడి నాలుగు ముక్కలు తిని నీళ్లు తాగండి, బుగ్గన పెట్టుకుని అరగంట నానబెట్టొద్దు. వికారానికి నిమ్మరసం తాగేవాళ్లు ఒకేసారి తాగేసి, వెంటనే బ్రష్ చేయకుండా ఉంటే చాలు.

ఒక విషయం ఇంట్లో ఎవరికీ చెప్పరు, మా కుర్చీలో కూర్చున్నాక మేం అడిగితే మెల్లగా చెబుతారు: పచ్చి బియ్యం, సుద్ద ముక్క, మట్టి తినాలనిపించడం. సిగ్గుపడాల్సిన పని లేదు, చాలాసార్లు ఒంట్లో ఐరన్ తక్కువైనప్పుడు ఇలా అవుతుంది. పళ్లు అరుగుతాయన్నది ఒకెత్తు, అసలు చేయాల్సింది హిమోగ్లోబిన్ పరీక్ష. ఏఎన్ఎంకో డాక్టరుకో ఈ మాట తప్పకుండా చెప్పండి.

"బిడ్డ ఎముకల కోసం తల్లి పండ్లలోంచి కాల్షియం లాక్కుంటది, అందుకే కాన్పుకొక పన్ను ఊడుతది" అని పెద్దవాళ్లు అంటారు. పన్నులో ఒకసారి గట్టిపడ్డ కాల్షియం అలా బయటికి రాదు. బిడ్డకు చాలకపోతే పోయేది తల్లి ఎముకల నుంచే. కాన్పుల తర్వాత పళ్లు ఊడాయంటే దానికి కారణం ఆ నెలల్లో పట్టించుకోని చిగుళ్లూ, పుచ్చులూ. కాల్షియం మాత్రలు నాలుగో నెల నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఇస్తారు, 500 మిల్లీగ్రాములవి రోజుకు రెండు. ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి మింగొద్దు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉంచండి.

పొగాకు ఏ రూపంలోనైనా

ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. ఊళ్లలో కొందరు ఆడవాళ్లు పొగాకు కలిసిన పళ్లపొడి చిగుళ్లకు రుద్దుకుంటారు, పన్ను నొప్పి తగ్గుతుందని మొదలుపెట్టి అది లేకుంటే పొద్దు గడవని అలవాటు చేసుకుంటారు. పళ్లపొడుల్లో పొగాకు కలపడాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు, అయినా పేరు మార్చుకుని దొరుకుతూనే ఉంది. పొడి వాడాక తల తేలికగా తిరిగినట్టుంటే, ఒక పూట మానేస్తే చిరాకుగా ఉంటే అనుమానించండి. జర్దా పాన్, గుట్కా, ఖైనీ అన్నీ ఇదే లెక్క. నికోటిన్ రక్తనాళాలను బిగించి చిగుళ్ల రక్తాన్ని దాచేస్తుంది కాబట్టి "నాకు రక్తం రాదు, నా పండ్లు మంచిగున్నయి" అనుకుంటూ ఉంటారు, లోపల ఎముక పోతూ ఉంటుంది. బిడ్డ బరువు తగ్గడానికి పొగాకుకున్న సంబంధం మాత్రం ఖాయంగా తేలిన విషయం.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్కలు చాట ఒడిలో పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటారు, తంబాకు దుమ్ము చేతులకూ ముక్కుకూ పడుతూనే ఉంటుంది. పని మానుకోమని చెప్పడం నాకు సులువే, ఇల్లు గడిచేది దాంతో అయినప్పుడు వాళ్లకు సులువు కాదు. కనీసం గాలి ఆడే చోట కూర్చోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేతులతో చిగుళ్లు రుద్దుకోవద్దు. కడుపుతో ఉన్న సంగతి డాక్టరుకు చెప్పేటప్పుడు ఈ పని సంగతి కూడా చెప్పండి.

డెంటిస్టు దగ్గరికి ఎప్పుడు, వెళ్లి ఏం చెప్పాలి

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు, 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమం. బరువు, బీపీ, రక్తం, మూత్రం అన్నీ చూస్తారు, నోరు తెరవమని మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు. కాబట్టి మీరే అడగాలి. వరంగల్ సీకేఎంలోనో హన్మకొండ ప్రసూతి ఆసుపత్రిలోనో చూపించుకుంటున్నవాళ్లు అక్కడి డాక్టరుతో "చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నది, పళ్ల డాక్టరుకు రాయండి" అని ఒక్క మాట అంటే చాలు. ఊళ్లో ఉన్నవాళ్లు ఆశా అక్కకు చెప్పినా సరే.

డెంటిస్టు దగ్గర కూర్చోగానే మొదటి వాక్యం: "నేను కడుపుతో ఉన్నాను, ఇన్నో వారం." నెల తప్పి పది రోజులే అయినా, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పకపోయినా, మాకు చెప్పండి. వాడుతున్న మాత్రల చీటీ, తల్లీబిడ్డల కార్డు తీసుకురండి. అంతకుముందు అబార్షన్ అయి ఉన్నా, షుగర్, థైరాయిడ్, బీపీ ఉన్నా చెప్పండి. షుగర్ ఉంటే చిగుళ్లు తొందరగా పాడవుతాయి, చిగుళ్లలో వాపు ఉంటే షుగర్ అదుపు తప్పుతుంది, రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.

పళ్ల క్లీనింగ్ గర్భంలో ఎప్పుడైనా చేయించుకోవచ్చు. నొప్పి, చీము, వాపు ఉంటే మొదటి నెలైనా ఆగకూడదు. తొందర లేని పనులను మాత్రం మేం నాలుగు నుంచి ఆరో నెల మధ్యకు జరుపుతాం. కారణం మొదటి మూడు నెలల్లో వాంతులతో కుర్చీలో కూర్చోలేరు. ఇంకో కారణం ఎవరూ బయటికి చెప్పరు, నేను చెబుతాను: గర్భాలు నిలవకపోవడం అనేది ఎక్కువగా జరిగేది ఆ మూడు నెలల్లోనే, ఏ వైద్యంతోనూ సంబంధం లేకుండా. అంతకు వారం ముందు పన్ను ముట్టుకుని ఉంటే ఆ తల్లి జీవితాంతం తననో డాక్టరునో తిట్టుకుంటూ ఉంటుంది. ఆ బాధ ఎవరికీ వద్దని ఆగుతాం, అంతే.

"క్లీనింగ్ చేస్తే పండ్లు వదులైతయట" అనేది కూడా రోజూ వినేదే. ఏళ్ల తరబడి పేరుకున్న గార పళ్ల మధ్య గోడలా నిలబడి ఉంటుంది. అది పోగానే సందులు కనిపిస్తాయి, నాలుకకు కొత్తగా తగులుతుంది. వదులు అప్పటికే ఉంది, గార దాన్ని దాచింది. ఎక్స్‌రే తప్పనిసరి అయితే సీసం ఏప్రన్ కప్పి తీస్తాం, పన్ను ఎక్స్‌రేలో కిరణాలు చాలా తక్కువ, అవి పడేదీ దవడ మీదే. మత్తు ఇంజెక్షన్‌గా వాడే లిగ్నోకెయిన్ గర్భిణులకు ఎప్పటి నుంచో వాడుతున్నదే.

మందుల విషయంలో

పన్ను నొప్పికి రాత్రి తొమ్మిదింటికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో పొట్లం కట్టించుకునే అలవాటు మనది. గర్భంలో అది పనికిరాదు. నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెడతాం. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, కీటోరొలాక్ లాంటివి మీ గైనకాలజిస్టు చెప్పకుండా వేసుకోవద్దు, 20 వారాలు దాటాక అవి బిడ్డ కిడ్నీల మీద ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించగలవని అమెరికా ఔషధ సంస్థ 2020లో హెచ్చరించింది. యాంటీబయాటిక్ అవసరమైతే అమాక్సిసిలిన్ లాంటివి వాడతాం. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ వద్దు. బిడ్డ పాలపళ్ల మొగ్గలు ఆరో వారం నుంచే మొదలై, నాలుగో నెలకు గట్టిపడటం మొదలవుతుంది, ఈ మందులు ఆ పళ్లలో చేరి రంగు మార్చేస్తాయి. చిగుళ్ల జబ్బుకు మామూలుగా డాక్సీసైక్లిన్ రాయడం ఉంది కాబట్టి చీటీ మీద ఆ పేరు ఉందేమో మీరూ చూసుకోండి.

మౌత్‌వాష్ వాడితే ఆల్కహాల్ లేనిది వాడండి. క్లోర్‌హెక్సిడిన్ బాగా పనిచేస్తుంది గానీ రెండు వారాలు మించితే పళ్ల మీద గోధుమ మరకలు పడతాయి, డాక్టరు చెప్పిన రోజులే వాడాలి. గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం ఏ పూటైనా చేసుకోవచ్చు. లవంగ నూనె దూదితో నేరుగా చిగురు మీద పెట్టొద్దు, మాత్ర నూరి పన్ను పక్కన కుక్కొద్దు, రెండింటితోనూ చిగురు కాలి తెల్లగా తోలు లేస్తుంది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

చెంప వాచి జ్వరం రావడం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టమవడం, దవడ కింద వాపు దిగడం. వీటికి రేపు, ఎల్లుండి అని లేదు, రాత్రైనా ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి.

కొందరికి మూడో నెల దాటాక పళ్ల మధ్య చిగురు మీద ఎర్రటి ద్రాక్షపండంత గడ్డ లేస్తుంది, ముట్టుకుంటే రక్తం కారుతుంది. చూడగానే క్యాన్సర్ అనుకుని ఇంటిల్లిపాదీ అన్నం మానేస్తారు. దాన్ని గర్భిణీ గడ్డ అంటాం, క్యాన్సర్ కాదు, కాన్పు తర్వాత చాలావరకు దానంతటదే కుంచించుకుపోతుంది. తినడానికి అడ్డొస్తేనో, రక్తం ఆగకపోతేనో మాత్రం మధ్యలోనే తీసేస్తాం. ఏ గడ్డైనా డాక్టరు చూసి చెప్పాకే నిశ్చింతగా ఉండాలి, ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టి అభిప్రాయాలు సేకరించడం కాదు.

కాన్పయ్యాక రెండు మూడు నెలలకు ఒకసారి మళ్లీ రండి, చిగుళ్లు మామూలు స్థితికి వచ్చాయా లేదా అని చూడాలి. బాలింత బయటికి రాకూడదని ఐదో నెలదాకా ఆపేవాళ్లుంటారు. అప్పుడైనా సరే, బిడ్డను అమ్మమ్మ ఒళ్లో పెట్టి రండి. ఈలోపు ఇంట్లో అందరికీ ఒక మాట చెప్పండి: అన్నం ముద్ద నోట్లో పెట్టి మెత్తగా చేసి బిడ్డకు పెట్టడం, మన నోట్లో పెట్టుకున్న చెంచాతో తినిపించడం వద్దు, పళ్లు పుచ్చగొట్టే బాక్టీరియా బిడ్డ నోట్లోకి ఎక్కువగా చేరేది ఇంట్లోవాళ్ల ఉమ్మి నుంచే.